పెద్దనోరు పట్టుకున్న చెయ్యి

మూడో తరగతిలో సోమవారం పొద్దున ఎప్పుడూ ఒకే తీరుగా మొదలయ్యేది. టీచర్ హాజరు పిలిచేది, పిల్లలు పలికేవారు. అందరి పేర్లూ అయ్యాక పెద్దనోరుని పిలిస్తే, అది టక్కుమని ఒకసారి పళ్ళు కొట్టేది. ఆ తర్వాత కిటికీ పక్క బెంచీవాళ్ళు బకెట్టుతో నీళ్ళు, బట్టలుతికే బ్రష్షూ పట్టుకొచ్చి దాని పళ్ళు తోమేవారు. కింది వరస లోపలివైపు తోముతుంటే దానికి చక్కిలిగింతలు పుట్టి నాలుక అడ్డం పెట్టేది. నాలుక తియ్యమని కసిరితే తీసేది.

పెద్దనోరంటే ప్లాస్టరుతో చేసిన నోరు. గుమ్మడికాయంత ఉంటుంది. ఎర్రరంగు చిగుళ్ళు, తెల్లటి పళ్ళు, కొంచెం గరుకు నాలుక. ఆ ఏడు పైనుంచి బడికి మూడు ఉత్తర్వులు ఒకే కవర్లో వచ్చాయి. పిల్లలకు నోటి శుభ్రత నేర్పాలి, మత్తుమందుల గురించి హెచ్చరించాలి, కోడింగ్‌లో ఓనమాలు దిద్దించాలి. నోటి పాఠం కోసం ఈ బొమ్మ వచ్చింది. మత్తుమందుల కోసం ఒక పోస్టరు వచ్చింది, అందులో అందరూ ఏడుస్తున్నారు. కోడింగ్ కోసం కంప్యూటర్లు రావాల్సింది గానీ, వాటి మీద కప్పే గుడ్డలు మాత్రం వచ్చాయి. హెడ్మాస్టరు మూడింటినీ తెచ్చి మూడో తరగతి టీచర్ నెత్తిన పెట్టి, మీకు ఓపిక ఎక్కువ కదమ్మా అన్నాడు. ఓపిక ఉన్నవాళ్ళకు ఈ లోకంలో దొరికే బహుమానం ఇంకాస్త పని.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడి గతి అందరికీ తెలిసిందే. ఆవిడకు మూడు పడవలు. అందుకని మూడింటినీ కలిపి కట్టేసింది. అట్టముక్కల మీద 'తెరువు', 'మూసుకో', 'నములు', 'ఉమ్ము' అని రాసింది. 'అయితే' అని కొన్ని, 'వరకు' అని కొన్ని రాసింది. పిల్లలు తమకు కావాల్సిన మాట రాసుకోవడానికి ఏమీ రాయని ముక్కలు కూడా కొన్ని పక్కన పెట్టింది. ఆ ముక్కల్ని బోర్డుకు వరసగా గుచ్చితే పెద్దనోరు ఆ వరసలోనే చేసేది. రాసినదానికి వెంట్రుకవాసి ఎక్కువ చేసేది కాదు, తక్కువ చేసేది కాదు. కంప్యూటర్లు రాలేదన్న సంగతి కొన్నాళ్ళకు అందరూ మరిచిపోయారు. గుడ్డలు మాత్రం బల్లలు తుడవడానికి పనికొచ్చాయి.

శుక్రవారం సాయంత్రం పెద్దనోరు వంతులవారీగా ఒక్కొక్కరింటికి వెళ్ళేది, సోమవారం తిరిగొచ్చేది. తీసుకెళ్ళేవాళ్ళు ఆ రెండు రోజులకూ దానికి ప్రోగ్రాం రాసి బోర్డుకు గుచ్చి వెళ్ళాలి. దర్జీ కొడుకు 'నములు' అని రాసి ఎప్పటివరకో రాయడం మరిచిపోతే, అది వాళ్ళ కుట్టు మిషను పక్కనే తిష్ఠ వేసి అందిన చొక్కాల చేతులన్నీ నమిలేసింది. దర్జీ వాటిని పొట్టిచేతుల చొక్కాలు చేసి, ఇప్పుడిదే ఫ్యాషనని చెప్పి అమ్ముకున్నాడు. కొడుకుని మాత్రం ఒక్కటి అంటించాడు. దాంతో ఆ పిల్లాడికి 'వరకు' ముక్క విలువ జన్మకు సరిపడా తెలిసింది.

తరగతిలో రూల్సు రెండే. మొదలైన ప్రోగ్రాంను మధ్యలో తుంచకూడదు. తప్పు ఎవరు రాస్తే వాళ్ళే దిద్దాలి, పక్కవాళ్ళు చెయ్యి పెట్టకూడదు. పిల్లలు అప్పుడప్పుడూ ఈ రూల్సు తప్పేవారు గానీ పెద్దనోరు తప్పేది కాదు.

ఆ తరగతిలో గవ్వ అనే పిల్ల ఉండేది. నవ్వితే గలగలమంటుందని వాళ్ళన్నయ్య పెట్టిన ముద్దుపేరు అది, బళ్ళో కూడా అదే స్థిరపడింది. నాన్న పార్సిల్ వ్యాను నడుపుతాడు. అమ్మ ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. అన్నయ్యకు ఇంకా మీసం సరిగ్గా రాలేదు, అయినా గోడౌన్‌లో పెట్టెలెత్తే పనికి వెళ్తాడు. వాళ్ళిద్దరికీ ఈడులో బోలెడు తేడా ఉన్నా ఒకరి కంచంలోది ఇంకొకరు తినేవారు. గవ్వకు సైకిలు నేర్పింది, చదవడం నేర్పింది, ఈల వేయడం నేర్పి అమ్మచేత తిట్లు తిన్నదీ అన్నయ్యే.

ఆ గోడౌన్‌లో రెండు షిఫ్టులు కలిపి చేసేవాళ్ళకు నిద్ర రాకుండా బిళ్ళలిచ్చేవాడు ఒకడున్నాడు. మొదట ఊరికే ఇచ్చాడు. అలాంటివాళ్ళు మొదట ఊరికే ఇస్తారు. కొన్నాళ్ళకు అన్నయ్యకు షిఫ్టు లేని రోజు కూడా అవి కావాల్సి వచ్చాయి. ఒకసారి చొక్కా జేబులో దొరికితే నాన్న ఇల్లంతా అదిరేలా అరిచి, ఇంకోసారి ఇవి నా కంటబడితే నువ్వు ఈ ఇంట్లో ఉండవు అన్నాడు. ఆయన అన్న మాట వెనక్కి తీసుకున్నట్టు ఎవరూ ఎరగరు. అన్నయ్య మానేశానన్నాడు. అమ్మ నమ్మింది. నాన్న నమ్మినట్టు ఊరుకున్నాడు.

నమ్మనిది గవ్వ ఒక్కతే, అదీ నోటి పాఠం వల్ల. ఉమ్మి అంటే అసహ్యం కాదర్రా, అది పళ్ళకు కాపలావాడు, నోరు ఎండిపోతే పళ్ళకు దిక్కుండదు అని చెప్పి టీచర్ ఇంట్లో అందరి నోళ్ళూ చూసి రమ్మంది. అమ్మ పళ్ళు బాగున్నాయి. నాన్నకు ఒక దంతంలో సిమెంటు ఉంది. అన్నయ్య నోరు చూస్తే పెదాలు పగిలి ఉన్నాయి, నాలుక తెల్లగా ఎండిపోయి ఉంది, పైపళ్ళ అంచులు రాతిమీద అరగదీసినట్టు చదునుగా ఉన్నాయి. నిద్రలో అతను పళ్ళు నూరే చప్పుడు ఆ పిల్ల పక్క మంచం మీంచి వింటూనే ఉంది. మర్నాడు అతని మేజోడులో బిళ్ళల పొట్లం చూసింది. అన్నయ్య చెల్లెల్ని దగ్గర కూర్చోబెట్టుకుని, నాన్నకు తెలిస్తే నేను వీధిలో పడతాను, మెల్లగా నేనే మానేస్తాను, ఎవరికీ చెప్పకు అని ఒట్టు వేయించుకున్నాడు. గవ్వ ఒట్టు వేసింది. ఆ రోజునుంచి ఆ పిల్ల నవ్వు తగ్గింది. చెల్లెలి నవ్వుకు పేరు పెట్టినవాడే దాన్ని పోగొట్టాడు, ఆ సంగతి అతనికి తెలియకపోలేదు, అయినా మానలేకపోయాడు.

మత్తుమందుల పాఠం రోజున టీచర్ రెండు పళ్ళేల్లో పిప్పరమెంట్లు, తలనొప్పి బిళ్ళలు పెట్టి ఏవి ఏవో చెప్పమంది. సగం తరగతి తప్పు చెప్పింది. అటుగా వచ్చిన హెడ్మాస్టరు పిప్పరమెంటనుకుని బిళ్ళ నోట్లో వేసుకోబోయాడు. చూడగానే తెలుసుకున్నది పెద్దనోరు ఒక్కటే. కనక చూసి నమ్మొద్దు, ఇవ్వకూడనివాళ్ళు ఇస్తే వద్దను, దూరం జరుగు, నమ్మకమైన పెద్దవాళ్ళకు చెప్పు అని టీచర్ పాఠం ముగించింది. గవ్వ లేచి నిలబడింది.

"చెబితే వాళ్ళని ఇంట్లోంచి వెళ్ళగొట్టేస్తేనో టీచర్?"

పుస్తకంలో ఈ ప్రశ్న లేదు. కాబట్టి జవాబూ లేదు. టీచర్ ఆ పిల్ల మొహంలోకి చూసి, ఎవరిని అమ్మా అని అడిగింది. ఎవర్నీ కాదు, ఊరికే అడిగానంది గవ్వ. టీచర్ ఆలోచించి రేపు చెబుతానంది. ఇంటికెళ్ళి ఆలోచించింది కూడా. కానీ ఏమని చెప్పాలో తోచక ఆ రేపుని వాయిదా వేస్తూ వచ్చింది. గవ్వని విడిగా పిలిచి రెండుసార్లు అడిగి చూసింది, ఆ పిల్ల ఏమీ లేదు టీచర్ అనే చెప్పింది.

అలా ఉండగా శుక్రవారం వచ్చింది, గవ్వ వంతు వచ్చింది. ఆ పిల్లకు ఒకటే బెంగ. ఇంట్లో అన్నయ్య బిళ్ళలు ఎక్కడెక్కడో ఉంటాయి, పెద్దనోరు పొరపాటున ఒకటి మింగితే దానికేమవుతుందో. అందుకని తోమడానికి, పుక్కిలించడానికి రాయాల్సినవి రాసి, చివర్న 'బిళ్ళ', 'అయితే', 'మూసుకో' అని గుచ్చింది. దర్జీ కొడుకు పక్కనుంచి, 'వరకు' పెట్టవే, మా చొక్కాలు గుర్తులేవా అన్నాడు. గవ్వ ఒక ఖాళీ ముక్క, దాని పక్కన 'వరకు' గుచ్చింది. ఎప్పటివరకు మూసుకోవాలో ఎంత ఆలోచించినా తోచలేదు. ఇంతలో గంట కొట్టేశారు. మామూలుగా టీచర్ అందరి ప్రోగ్రాంలూ చూసి పంపేది. ఆ రోజు హెడ్మాస్టరు గదిలో మీటింగు ఉండి చూడలేదు. ఖాళీ ముక్క ఖాళీగానే బోర్డు మీద ఉండిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం నాన్నకు వ్యాను తాళం కనబడలేదు. తాళం పోతే ఆయన ఇల్లు పీకి పందిరేస్తాడు. ముందుగది అయింది, వంటగది అయింది, పిల్లల గది గుమ్మం దాకా వచ్చాడు. అన్నయ్య మంచం మీంచి లేచి పరుపు కింది పొట్లం చేతిలోకి తీసుకున్నాడు. మేజోడులో పెడదామంటే కాళ్ళకు మేజోళ్ళు లేవు. కిటికీకి ఊచలకు తోడు దోమల జాలీ. చెల్లెలి బల్ల మీద పెద్దనోరు ఉంది, సగం తెరుచుకుని. బడి సామాను ఎవరు వెతుకుతారనుకున్నాడు కాబోలు, పొట్లంతో సహా చెయ్యి అందులో పెట్టాడు. పెద్దనోరు మూసుకుంది.

కొరకలేదు. పిల్లి తన పిల్లను కరుచుకున్నట్టు, గాయం కానివ్వకుండా, వదలకుండా పట్టుకుంది.

నాన్న గదిలోకి వచ్చి చూసి, ఇంత వయసొచ్చి చిన్నపిల్లల వస్తువులతో ఆటలేంట్రా అన్నాడు. అమ్మ సబ్బునీళ్ళు పోసింది, నూనె రాసింది, దవడ కింద గీరింది. అది కదల్లేదు. తాళం వ్యానుకే ఉందని తర్వాత తేలింది. అమ్మ కొడుక్కి అన్నం కలిపి పెడుతూ, చెయ్యి వణుకుతోందేంట్రా, జ్వరమా అని నుదురు పట్టుకుని చూసింది. అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. బిళ్ళలు గుప్పెట్లోనే ఉన్నాయి గానీ వేసుకునే దారి లేదు. అందరూ అటు వెళ్ళాక చెల్లెల్ని పిలిచి, ఇది ఎప్పుడు తెరుచుకుంటుందే అని గుసగుసగా అడిగాడు. 'వరకు' దగ్గర ఏమీ రాయలేదన్నయ్యా అంది గవ్వ. ఇప్పుడు రాయమన్నాడు. బోర్డు బళ్ళో ఉంది, బడికి తాళం ఉంది.

సోమవారం నాన్న పార్సిళ్ళ వ్యానులోనే ఇద్దర్నీ ఎక్కించుకుని బడికి తీసుకొచ్చాడు. మూడో తరగతి బెంచీ మీద అన్నయ్య మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు, చేతికి పెద్దనోరు వేలాడుతూ. పిల్లలకు పండగే. హాజరు పిలిచినప్పుడు పెద్దనోరు నోటినిండా చెయ్యి ఉండి పళ్ళు కొట్టలేకపోతే, వచ్చింది టీచర్, వచ్చింది టీచర్ అని అందరూ దాని తరఫున పలికారు. నాన్న గుమ్మంలో నిలబడి వాచీ చూసుకుంటున్నాడు.

టీచర్ బోర్డు దగ్గరికెళ్ళి ముక్కలు ఒక్కొక్కటే చదివింది. 'బిళ్ళ' దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఖాళీ ముక్క చూసింది. తిరిగి అన్నయ్య పగిలిన పెదాలు చూసింది. ఆవిడకు గవ్వ అడిగిన ప్రశ్న ఇప్పుడు అర్థమైంది. మొహంలో మాత్రం ఏమీ కనబడనివ్వలేదు. తప్పు ఎక్కడుందో కనిపెట్టారా అని పిల్లల్ని అడిగింది. ఖాళీ ముక్క అని అందరూ ఒక్కసారే అన్నారు. వంద లెక్కపెట్టేవరకు అని రాయమని ఒకరు, వాళ్ళమ్మ పిలిచేవరకు అని ఒకరు, గంట కొట్టేవరకు అని దర్జీ కొడుకు. తప్పు రాసినవాళ్ళే దిద్దాలి కాబట్టి టీచర్ స్కెచ్ పెన్ను గవ్వ చేతికిచ్చింది.

గవ్వ బోర్డు ముందు నిలబడింది. అన్నయ్య పెదాలు కదిపి, చప్పుడు లేకుండా, 'గంట' అన్నాడు. అంత తేలిక. గంట అని రాస్తే గంట కొడతారు, నోరు తెరుచుకుంటుంది, గుప్పెట జేబులోకి పోతుంది, నాన్న పార్సిళ్ళకు పోతాడు, అన్నయ్య ఇంట్లోనే ఉంటాడు. పళ్ళు నూరుకుంటూ, ఎండిపోతూ ఇంట్లోనే ఉంటాడు. ఆ పిల్లకు ఏడుపొచ్చింది. పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టింది.

"టీచర్, నేను అడిగినదానికి మీరింకా చెప్పలేదు."

"నిజమే," అంది టీచర్. "ఏమవుతుందో నాకూ తెలీదమ్మా. చెప్పేటప్పుడు నేను పక్కన ఉంటాను. అదొక్కటే చెప్పగలను."

గవ్వ పెన్ను మూత తీసి ఖాళీ ముక్క మీద రాసింది. అక్షరాలు పట్టక చివర్న కొంచెం కిందికి వంగాయి. 'అన్నయ్య నాన్నకి చెప్పే'. పక్కన 'వరకు' ఎటూ ఉంది.

టీచర్ పిల్లలందర్నీ కుళాయిల దగ్గరికి వెళ్ళి నోళ్ళు పుక్కిలించి రమ్మంది, ఒక్కొక్కరూ బాగా, తొందరేమీ లేదంది. వాళ్ళు వరండాలో ఎదురైన హెడ్మాస్టరు వెంట వరసగా వెళ్ళిపోయారు. గదిలో నలుగురు మిగిలారు, అయిదోది పెద్దనోరు. నాన్న బోర్డు దగ్గరికొచ్చి ఆ ముక్క రెండుసార్లు చదువుకున్నాడు.

"ఏం చెప్పాల్రా?"

అన్నయ్య చెల్లెలి వంక చూశాడు. కోపంగా చూద్దామనుకున్నాడేమో, ఆ పిల్ల ఏడుస్తుంటే చూడలేకపోయాడు. తల దించుకుని పెద్దనోరుతోనే చెబుతున్నట్టుగా అన్నాడు.

"నేను మానలేదు నాన్నా. అబద్ధం చెప్పాను."

పెద్దనోరు అప్పుడే తెరుచుకుంది. గవ్వ చూసింది, టీచర్ చూసింది. అతను చూశాడో లేదో గానీ చెయ్యి తీసుకోలేదు. ఆ గరుకు నాలుక మీదే చెయ్యి పెట్టుకుని మిగతాదంతా చెప్పాడు. ఎవడిచ్చాడో, ఎలా మొదలైందో, వేసుకోకపోతే ఒళ్ళు ఎలా అవుతుందో, వేసుకుంటే ఎంత భయమేస్తుందో. ఒకసారి పెట్టెల మధ్య పడిపోతే ఎవరికీ చెప్పకుండా లేచొచ్చేసిన సంగతి కూడా చెప్పాడు. నిన్న తాళం కోసం నువ్వు గదిలోకొస్తుంటే నా గుండె ఆగిపోయింది నాన్నా అన్నాడు. అంతా అయ్యాక చెయ్యి బయటికి తీసి గుప్పెట విప్పి, పొట్లం బెంచీ మీద పెట్టాడు. టీచర్ గవ్వ పక్కకొచ్చి నిలబడి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది.

 ఇల్లదిరేలా అరిచే నాన్న ఈసారి అరవలేదు. పొట్లం వంక చూశాడు, కొడుకు వంక చూశాడు.

"కంటబడితే ఇంట్లో ఉండవన్నాను కదూ," అన్నాడు.

"అన్నావు."

"భయమేసి అన్నాన్రా. ఇంకేం అనాలో తెలీక అన్నాను."

ఒంటి చేత్తో కట్టుకోలేక అన్నయ్య వదిలేసిన బూటు తాళ్ళు నేల మీద వేలాడుతున్నాయి. నాన్న కిందికి వంగి, బెంచీ పక్కన గొంతుక్కూర్చుని, ముందు ఒకటి, తర్వాత రెండోది ముడి వేశాడు. వేస్తూ వేస్తూ ఏడ్చాడు. ఆ తర్వాత లేచి టీచర్ గారూ, వీణ్ణి ఎక్కడికి తీసుకెళ్ళాలి అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం టీచర్‌కు తెలుసు. ఏడ్చే మనుషుల పోస్టరు అడుగున ఆస్పత్రి ఫోను నంబరు చిన్న అక్షరాలతో ఉంది.

మర్నాటికల్లా బాగైపోయిందంటే అది కట్టుకథే అవుతుంది. అన్నయ్య గోడౌన్ పని మానేశాడు. చాలా రోజులు పగలంతా నిద్రపోయాడు, చిరాకుపడ్డాడు, అమ్మ మీద గిన్నె విసిరి తానే వెక్కి వెక్కి ఏడ్చాడు. నాన్న రూటు మార్పించుకుని వారంవారం దగ్గరుండి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. జారుతాడు, జారినప్పుడు తిట్టకండి, వెంటనే తీసుకురండి అంది డాక్టరమ్మ. నాన్న సరేనన్నాడు. మెల్లగా అన్నయ్యకు ఆకలి పుట్టింది, పెదాలు మానాయి. ఒక సాయంత్రం అతను వేసిన జోకుకు గవ్వ గలగలా నవ్వితే వంటింట్లో అమ్మ పని ఆపి వింది. ఇంక భయం లేదని అందరూ అనుకున్నారు.

తర్వాత ఒక రోజు పొద్దున నాన్న అద్దం ముందు గడ్డం గీసుకుంటుండగా అన్నయ్య వచ్చి వెనక నిలబడ్డాడు. ఎవరూ ఏమీ అడగలేదు. పెద్దనోరు ఆ వారం ఇంకెవరింట్లోనో ఉంది.

"నాన్నా, నిన్న పాతవాళ్ళు కనబడ్డారు. ఒకటి వేసుకున్నాను."

నాన్న రేజరు పక్కన పెట్టాడు. తువ్వాలుతో సబ్బు తుడుచుకుని, ఇవాళ ఆలస్యంగా వస్తానని ఆఫీసుకు ఫోను చేసి, సగం గడ్డంతోనే కొడుకుని వెంటబెట్టుకుని ఆస్పత్రికి బయల్దేరాడు.